నది చేత తవ్వించిన ఓడదారి

గోదావరి మొగల్లో వేటకు వెళ్లేవాళ్లకు నీటి లోతు గురించిన పాఠం చిన్నప్పుడే ఒంటబడుతుంది. ఎగువన నిండుగా పారే నది సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి పలచబడిపోతుంది. అంత పెద్ద ఏరు దాటిన పడవ కూడా ఇక్కడ పోటు చూసుకొని మొగ దాటాలి. పాటు వేళకు చిక్కితే ఇసుక మేట మీద కూర్చుంటుంది. మళ్లీ నీరెక్కేదాకా కదలదు.

నీటికి ఇసుకను మోసే బలం వేగం వల్ల వస్తుంది. ఆ రెండింటి లెక్క సూటిగా ఉండదు. ప్రవాహ వేగం రెట్టింపైతే అది మోయగల ఇసుక రెట్టింపుతో ఆగదు, ఎనిమిది రెట్ల నుంచి ముప్పై రెట్ల దాకా పెరుగుతుంది. వేగం సగానికి పడితే మోత అదే లెక్కన కుప్పకూలుతుంది. గట్ల మధ్య ఒదిగి పారిన నది సముద్రంలోకి రాగానే ఇరుపక్కలా పట్టి ఉంచేది లేక విచ్చుకుంటుంది, వేగం పోగొట్టుకుంటుంది, వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన బరువును అక్కడే దించేస్తుంది. ఎదురు నుంచి అలలు ఆ ఇసుకను వెనక్కి నెడతాయి. రెండు బలాలూ సరితూగిన చోట నీటి అడుగున ఒక ఇసుక గట్టు లేస్తుంది. అలా నది తన వాకిలిని తానే మూసుకుంటుంది.

ఇది తెలుగు తీరం ఖరీదు చెల్లించి నేర్చుకున్న సంగతి. ఓడలు కట్టడానికీ మరమ్మతులకూ దూరదేశాల దాకా పేరున్న కోరంగి రేవు గోదావరి పూడికతో లోతు కోల్పోయింది. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి. వ్యాపారం కాకినాడకు మళ్లింది. ఆ కాకినాడ ముందు గోదావరి ఇసుకతోనే పెరిగిన హోప్ ఐలాండ్ ఇప్పుడు రేవును అలల నుంచి కాస్తోంది. ఒకే నది ఇసుక ఒక రేవును చంపింది, ఇంకో రేవుకు గోడ కట్టింది.

కోరంగికి దగ్గర్లోనే, నేటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో, 18వ శతాబ్దంలో డచ్చివాళ్లకు కోఠీ ఉండేది. మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నం కూడా వాళ్ల ఓడలకు తెలిసిన ఊళ్లే. ఆ ఓడలను పంపిన డచ్ ఈస్టిండియా కంపెనీకి స్వదేశంలో ఆరు శాఖలుండేవి. వాటిలో ఒకటి రోటర్‌డామ్. సముద్రానికి దాదాపు 30 కిలోమీటర్ల లోపల, రైన్, మాస్ నదుల నీరు కలిసి పారే పాయ మీద ఉన్న ఊరది. మన తీరంలో మొగల పూడికను తిట్టుకున్న ఆ నావికులకు ఇంటి దగ్గర కూడా అదే బాధ. కోరంగి లొంగిపోయిన చోట రోటర్‌డామ్ నిలబడింది. ఆ నిలబడిన తీరు, దానికి నేటికీ కడుతున్న మూల్యం ఈ అధ్యాయంలోని కథ.

రైన్ స్విట్జర్లాండ్ ఆల్ప్స్ పర్వతాల్లో పుట్టి 1,200 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. జర్మనీ దాటి నెదర్లాండ్స్‌లో అడుగుపెట్టే లోబిత్ దగ్గర సగటున సెకనుకు 2,200 ఘనమీటర్ల నీరు పారుతుంది. అక్కడి నుంచి పాయలు పాయలుగా చీలుతుంది. బ్రిల్ అనే ఊరి పక్కనుంచి సముద్రంలోకి వెళ్లే మొగ రోటర్‌డామ్‌కు పాత దారి. 18వ శతాబ్దం గడిచేకొద్దీ ఆ మొగ పూడిపోయింది. పెద్ద ఓడలు దక్షిణంగా దీవుల చుట్టూ తిరిగి హారింగ్‌వ్లీట్ అనే వెడల్పాటి ఉప్పుటేటి గుండా రావలసి వచ్చేది. గాలి అనుకూలించకపోతే ఊరు దగ్గర్లోనే ఉన్నా రోజుల తరబడి లంగరు వేసుకొని కూర్చోవాలి. 1830లో వోర్న్ అనే దీవిని అడ్డంగా కోసి, రెండు చివరలా లాకులు పెట్టి ఒక కాలువ తవ్వారు. కొంతకాలం ఊరట దక్కింది. అంతలో తెరచాపలు పోయి ఆవిరి వచ్చింది, కొయ్య పోయి ఇనుము వచ్చింది. ఓడలు పెరిగాయి. లాకుల కొలత పెరగలేదు.

ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసిన తెలుగు పాఠకులకు లాకు పనితీరు విడమరచనక్కర్లేదు. రెండు తలుపుల మధ్య గది, అందులో నీటిమట్టం ఎక్కించడం, దించడం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ తవ్వించిన కాలువల్లో వడ్ల పడవలు రాజమండ్రి నుంచి కాకినాడ దాకా అలాగే నడిచాయి. లాకు గొప్ప సాధనం. అయితే ఆ గదిలో పట్టినంత ఓడే లోపలికి వస్తుంది. నాలుగు తరాల తర్వాత ఓడ ఎంత ఉంటుందో కట్టే రోజున ఎవరూ చెప్పలేరు.

1863లో డచ్ పార్లమెంటు ఒకే చట్టంతో రెండు నగరాల పోటీని తీర్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఒక కాలువ, రోటర్‌డామ్‌కు ఒక కాలువ. ఆమ్‌స్టర్‌డామ్ లాకుల దారి పట్టింది. ఇసుక తిన్నెలను కోసి, సముద్రం ఒడ్డున ఐమౌడెన్ దగ్గర లాకులు కట్టి, 1876లో నార్త్ సీ కెనాల్ తెరిచింది. రోటర్‌డామ్ విషయంలో మాత్రం ప్రభుత్వం పీటర్ కాలాండ్ అనే ఇంజనీరు మాట విన్నది. లాకు వద్దు, తలుపు వద్దు, సముద్రం దాకా తెరిచిన దారి కావాలన్నాడాయన. దాన్ని పూర్తిగా మనుషులు తవ్వనక్కర్లేదని కూడా అన్నాడు.

కాలాండ్ 1826లో జీలండ్ దీవుల్లో పుట్టాడు. తండ్రి కూడా ప్రభుత్వ జలవనరుల శాఖ ఇంజనీరే. ఇంగ్లండ్, ఫ్రాన్స్ నదుల మొగలను చూసి వచ్చి, నదుల దిగువ భాగంలో ఆటుపోట్లు ఏం చేస్తాయన్న విషయం మీద 1861లో ఫ్రెంచి భాషలో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన ఆలోచనకు అదే పునాది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఉన్నది నిలవనీరు, దాన్ని తలుపులతో కాపాడుకోవాలి. రోటర్‌డామ్ పక్కన పారేది నది. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. పోటు వేళ లోపలికి వచ్చిన సముద్రపు నీరంతా పాటు వేళ బయటికి పోవాలి. దానితోపాటు ఆ ఆరేడు గంటల్లో ఎగువ నుంచి దిగిన నది నీరూ పోవాలి. కాబట్టి లోపలికి వచ్చే ఉరవడి కంటే బయటికి పోయే ఉరవడే ఎక్కువ. ఆ తేడాను ఒక ఇరుకు దారిలోకి పంపిస్తే అడుగున ఉన్న ఇసుక రోజు రోజుకూ సముద్రం వైపు కదలాలి. దారి తనంతట తాను లోతవ్వాలి.

పొలం గట్టుకు పార మొనతో చిన్న గండి కొట్టి వదిలేస్తే, రైతు తిరిగి చూసేసరికి నీరే దాన్ని బారెడు వెడల్పు చేసి ఉంటుంది. కాలాండ్ ఈ పనిని ఒక దేశపు అతిపెద్ద నదితో చేయించాలనుకున్నాడు. హూక్ వాన్ హాలండ్ అనే మూల దగ్గర తీరం వెంట ఇసుక తిన్నెలు అడ్డంగా ఉన్నాయి. వాటిని నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవున సన్నగా కోయాలి. ఎగువ నుంచి వచ్చే స్కెర్ అనే పాయను ఈ కోతలోకి మళ్లించి, పాత దారిని గట్టు వేసి మూసేయాలి. కోత చివర సముద్రంలోకి రెండు రాతి కట్టలు, ఒక్కొక్కటి సుమారు రెండు కిలోమీటర్లు, చాచి పెట్టాలి. నది విచ్చుకోకుండా, వేగం పోకుండా, ఇసుకను లోతైన నీటి దాకా మోసుకెళ్లేలా ఆ కట్టలు పట్టి ఉంచుతాయి. మిగిలిన వెడల్పును, లోతును నీరే చూసుకుంటుంది. ఆ దారికి పెట్టిన పేరు న్యూవె వాటర్‌వేగ్, అంటే కొత్త జలమార్గం.

1866లో పని మొదలైంది. ఇసుక తవ్వకం కంటే నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది సముద్రంలో కట్టలు వేసిన పద్ధతి. అలల కింద మెత్తటి ఇసుక మీద రాయి వేస్తే రాయి చుట్టూ ఉన్న ఇసుకను నీరు కోసేస్తుంది, రాయి దిగబడిపోతుంది. ఎంత రాయి పోసినా అంతే. డచ్చివాళ్లకు దీనికి తరాల నాటి మందు ఒకటుంది. ఏటి మడుగుల్లో, ముఖ్యంగా రోటర్‌డామ్‌కు ఆగ్నేయాన ఉన్న బీస్‌బోష్ చిత్తడిలో, విల్లో చెట్లను మొదలంటా నరికి చివుళ్లు పెంచుతారు. సన్నగా, నిటారుగా, సాగే గుణంతో కొమ్మలు వస్తాయి. వాటిని కట్టలు కట్టి, అడ్డంగా నిలువుగా పేర్చి, పెద్ద చాపలుగా అల్లుతారు. పాటు వేళ ఒడ్డున ఈ అల్లిక సాగుతుంది. పోటు రాగానే చాప దానంతట అదే తేలుతుంది. పడవలతో దాన్ని కట్ట వేయవలసిన చోటికి లాక్కెళ్లి, ప్రవాహం ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మారే ముందు నీరు నిలకడగా ఉండే కొద్దిసేపట్లో, చుట్టూ చేరిన పడవల నుంచి మనుషులు ఒక్కసారిగా రాళ్లు విసురుతారు. చాప సమంగా మునిగి అడుగున పరుచుకుంటుంది. నీరు దాని గుండా పోగలదు, ఇసుక పోలేదు. దాని మీద ఇంకో చాప, ఇంకా రాళ్లు. ఆ చాపలు అల్లిన చేతులు లేకపోతే కాలాండ్ లెక్కలు కాగితం మీదే ఉండిపోయేవి. అల్లినవాళ్ల పేర్లు ఏ విగ్రహం మీదా లేవు.

తిన్నెల కోతలోకి నీరు వదిలారు. పాత పాయను మూశారు. 1872 మార్చిలో రిచర్డ్ యంగ్ అనే ఆవిరి ఓడ కొత్త దారిలో నడిచింది. రోటర్‌డామ్ ఊపిరి పీల్చుకుంది.

ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. నది కోతను వెడల్పు చేసింది, నిజమే. కోసిన ఇసుకను కింది దాకా మోసింది, అదీ నిజమే. కానీ తిన్నెల మధ్య ఇరుకులో లేచిన ఇసుక, రాతి కట్టల మధ్య వెడల్పాటి నీటిలోకి వచ్చేసరికి మళ్లీ దిగిపోయింది. మొగలో మేట వేసింది. ఏ మేట నుంచి తప్పించుకోవడానికి దారి తవ్వారో, దారి తవ్వగా వచ్చిన ఇసుకతోనే ఆ మేట తిరిగి పుట్టింది. లోతు లెక్కకు రాలేదు. ఈలోగా ఓడలు ఇంకా పెరిగాయి. విమర్శలు రేగాయి. విచారణ సంఘాలు కూర్చున్నాయి. చివరికి తేలింది ఒక్కటే: వెడల్పు చేసే పనిని నదికి వదిలేస్తే కుదరదు, యంత్రాలతో తవ్వి ఇసుకను ఎత్తి దూరంగా పారబోయాలి. ఆవిరితో నడిచే డ్రెడ్జర్లు రంగంలోకి దిగాయి. దారి స్థిరపడడానికి మరో రెండు దశాబ్దాల దాకా పట్టింది. ఖర్చు మొదటి అంచనాను ఎన్నో రెట్లు దాటింది.

కాలాండ్ పొరపాటు ఎక్కడుందో చూడడం అవసరం, ఎందుకంటే నదులతో పనిచేసే వాళ్లు ఇవాళ్టికీ అక్కడే జారుతున్నారు. ఇసుకను లేపడం, మోయడం, దించడం మూడు వేర్వేరు పనులు. మొదటి రెండింటికి కావలసిన వేగం ఆయన లెక్కలో ఉంది. మూడోది ఎక్కడ జరుగుతుందన్న ప్రశ్నకు ఆయన జవాబు 'సముద్రంలో' అన్నంత వరకే ఉంది. లక్షల ఘనమీటర్ల ఇసుక ఒకేసారి లేచి దిగువకు కదిలినప్పుడు దారిలో ఏ ఒక్క చోట వెడల్పు పెరిగినా, వేగం కాస్త తగ్గినా, ఆగిపోయేది అక్కడే. నదిని పనిలోకి పిలవడం సరైన ఆలోచనే. పని పూర్తయ్యేదాకా పక్కన కాపలా ఉండి, అది వదిలేసిన చోట అందుకొనే ఏర్పాటు లేకపోవడమే లోపం.

అయినా నా లెక్కలో కాలాండ్‌దే గెలుపు. తెరిచిన దారికి గది గోడలు లేవు. ఓడ పెరిగినప్పుడల్లా దారిని ఇంకొంచెం లోతు చేస్తే సరిపోయింది. తర్వాతి వందేళ్లూ అదే జరిగింది. రైన్ వెంట జర్మనీలోని రూర్ బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారాలు పెరిగాయి. వాటి సరుకంతా సముద్రం చేరే చోట ఓ తెరిచిన వాకిలి ఉంది. 1962 నుంచి 2004 దాకా ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద రేవు రోటర్‌డామే. ఇప్పుడు కూడా ఏడాదికి 40 కోట్ల టన్నులకు పైగా సరుకు దాటుతుంది. ఆమ్‌స్టర్‌డామ్ మాత్రం ఓడ పెరిగినప్పుడల్లా కొత్త లాకు కట్టుకుంటూ వచ్చింది. ఐమౌడెన్‌లో 2022లో తెరిచిన లాకు 500 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. ప్రపంచంలో అంత పెద్ద సముద్రపు లాకు వేరే లేదు. కాలాండ్‌కు రోటర్‌డామ్ 1907లో స్మారకం నిలబెట్టింది. తర్వాత కొత్త దారికి సమాంతరంగా, ఇంకా లోతైన ఓడల కోసం తవ్విన కాలువకు ఆయన పేరే పెట్టింది.

ఓడ కోసం తలుపు తీసి ఉంచితే ఓడ ఒక్కటే లోపలికి రాదు. ఆ సంగతి అసలు బరువుతో 20వ శతాబ్దంలో తెలిసొచ్చింది.

మొదట వచ్చింది బురద. నది నీటిలో తేలాడే బంకమట్టి రేణువులు ఎంత చిన్నవంటే, మంచినీటిలో అవి రోజుల తరబడి అడుగుకు దిగవు. వాటి మీద ఉండే రుణ విద్యుదావేశం ఒకదాన్నొకటి దూరంగా నెడుతుంది. ఉప్పునీరు తగలగానే ఆ వికర్షణ తగ్గిపోతుంది. రేణువులు అంటుకొని గడ్డలవుతాయి, బరువెక్కి దిగుతాయి. అందుకే నది, సముద్రం కలిసే చోట పుట్టే బురదకు అంతు ఉండదు. సముద్రం కూడా పోటుతో తన వంతు బురద తెస్తుంది. రేవు కోసం పక్కన తవ్విన బేసిన్లలో నీరు నిలకడగా ఉంటుంది కనుక అక్కడ ఇంకా తొందరగా దిగుతుంది. రోటర్‌డామ్ ఏటా కోటి ఘనమీటర్లకు మించి పూడిక తీస్తుంది. తీసి సముద్రంలో పోసిన దాంట్లో కొంత, ఆటుపోట్ల వెంట తిరిగి రేవులోకే వచ్చి చేరుతుందని తెలిశాక పారబోసే చోటును కూడా మార్చుకోవలసి వచ్చింది.

ఆ బురదలో ఇంకో కథ ఉంది. 1970, 80ల్లో రైన్ వెంట ఉన్న కర్మాగారాల కాడ్మియం, పాదరసం, నూనెలు అన్నీ చివరికి రోటర్‌డామ్ అడుగున చేరేవి. సముద్రంలో పోయడానికి పనికిరాని విషపు బురద. దానికోసం తీరంలో స్లూఫ్టర్ అనే పెద్ద గొయ్యి తవ్వి, చుట్టూ గట్టు కట్టి 1987 నుంచి నింపసాగారు. అంతటితో ఆగకుండా, ఏ విషం ఎగువన ఏ గొట్టం నుంచి వస్తోందో వెతికి పట్టుకొని ఆ కంపెనీలతో బేరానికి కూర్చున్నారు. రైన్ ఇవాళ అప్పటికంటే ఎంతో శుభ్రంగా ఉంది. అందులో చట్టాలకు, ప్రజల ఒత్తిడికి వాటా ఉంది. పూడిక తీయక తప్పని ఒక రేవు పట్టుదలకూ వాటా ఉంది.

రెండోది ఉప్పు. సముద్రపు నీరు ఒక ఘనమీటరు 1,025 కిలోల దాకా తూగుతుంది, నది నీరు 1,000 కిలోలు. ఆ 25 కిలోల తేడా చాలు. పైన మంచినీరు సముద్రం వైపు పారుతుండగానే, అడుగున ఉప్పునీరు నాలుకలా సాగి ఎగువకు పాకుతుంది. ఒడ్డున నిలబడిన మనిషికి నది సముద్రంలోకి పోతున్నట్టే కనిపిస్తుంది, కాళ్ల కింద సముద్రం ఊళ్లోకి వస్తుంటుంది. గోదావరి దిగువ లంకల్లో ఎండాకాలం ఉప్పునీరు ఎగదన్నిందని రైతులు అనేది ఈ సంగతినే. దారి లోతు పెరిగేకొద్దీ ఈ నాలుక పొడవు లోతును మించిన లెక్కన పెరుగుతుంది. ఓడల కోసం చేసే ప్రతి మీటరు లోతూ ఉప్పుకు చాలా ఎక్కువ దూరం ఇస్తుంది.

దాన్ని వెనక్కి నెట్టే బలం ఒక్కటే: నది నీరు. రైన్ నిండుగా ఉన్నప్పుడు ఉప్పు మొగ దగ్గరే ఆగుతుంది. 2018, 2022 కరువుల్లో లోబిత్ దగ్గర ప్రవాహం సగటులో మూడో వంతుకు, అంటే సెకనుకు దాదాపు 700 ఘనమీటర్లకు పడిపోయింది. అలాంటి రోజుల్లో ఉప్పు రోటర్‌డామ్ దాటి, హాలండ్సే ఐసెల్ అనే పాయ వెంట లోపలికి సాగుతుంది. హౌదా అనే ఊరి దగ్గర ఉన్న తూము నుంచే ఆ ప్రాంతపు పొలాలకు, బోస్కోప్ నర్సరీలకు నీళ్లు వెళ్తాయి. ఉప్పు అక్కడికి చేరితే తూము మూసేసి, తూర్పు వైపు నుంచి చిన్న చిన్న కాలువల గుండా మంచినీటిని తిప్పి తెచ్చుకోవాలి. ఉప్పు జోరు తగ్గించడానికి దారి అడుగును ఎగువకు పోయేకొద్దీ మెట్లు మెట్లుగా ఎత్తు పెంచారు. దక్షిణాన హారింగ్‌వ్లీట్ మొగకు 1970లో 17 తలుపుల ఆనకట్ట కట్టాక, రైన్‌లో నీరు తక్కువైనప్పుడు ఆ తలుపులు మూసి, ఉన్న నీటిని కొత్త జలమార్గం వైపు పంపుతున్నారు. నది ఇచ్చినంత వరకు అక్కడ సెకనుకు 1,500 ఘనమీటర్లు పారేలా చూడాలన్నది వాళ్ల గురి. ఒక దేశం తన నదిలోని మంచినీటిని, అదీ కరువు వేళ, ఉప్పును అడ్డుకోవడానికే సముద్రంలోకి వదులుతోంది. ఆ నీరంతా రేవు కట్టే అద్దె. ఇలాంటి దారి తవ్వాలని ఎవరు ప్రతిపాదించినా మొదటి పేజీలో రాయవలసిన లెక్క ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. చాలా ప్రతిపాదనల్లో ఇది చివరి పేజీలో కూడా ఉండదు.

మూడోది తుఫాను. 1953 జనవరి 31 రాత్రి వాయవ్య దిక్కు నుంచి వీచిన పెనుగాలి, పెద్ద పోటు కలిసి హూక్ వాన్ హాలండ్ దగ్గర సముద్రాన్ని సాధారణ మట్టానికి 3.85 మీటర్ల పైకి ఎత్తాయి. దీవుల్లో గట్లు వరుసగా తెగాయి. నెదర్లాండ్స్‌లో 1,836 మంది చనిపోయారు. ఉప్పెనలో కొంత భాగం తలుపులేని దారి గుండా నేరుగా లోపలికి పరుగెత్తి హాలండ్సే ఐసెల్ గట్టును కోయసాగింది. ఆ గట్టు వెనుక సముద్రమట్టానికి దిగువన లక్షల మంది నిద్రపోతున్నారు. న్యూవర్‌కెర్క్ ఊరి దగ్గర గండి పడుతుండగా, అక్కడి మేయరు అడగ్గా, అరీ ఎవెగ్రూన్ అనే పడవ యజమాని తన సరుకు పడవను నడుపుకుంటూ వచ్చి అడ్డంగా గండిలో దూర్చాడు. పడవ ఇరుక్కుంది. గట్టు నిలిచింది.

ఆ తర్వాత డచ్చివాళ్లు దక్షిణాన ఉన్న మొగలను ఒక్కొక్కటిగా ఆనకట్టలతో మూసుకుంటూ వచ్చారు. రెండు మాత్రం తెరిచి ఉంచక తప్పలేదు. ఒకటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌కు పోయేది, రెండోది రోటర్‌డామ్‌ది. రోటర్‌డామ్ వెంట గట్లను ఎత్తు చేద్దామనుకున్నారు. అలా చేయాలంటే పాత ఊళ్ల నడిబొడ్డున శతాబ్దాల నాటి ఇళ్లను కూల్చాలి. 1980ల్లో ఆ ఆలోచన మానుకొని, రోజూ తెరిచి ఉండి తుఫాను రోజున మాత్రమే మూసుకునే తలుపు కట్టాలని నిర్ణయించారు.

మాస్లాంట్ తలుపు 1997 మేలో పనిలోకి వచ్చింది. 360 మీటర్ల వెడల్పున్న నీటికి రెండు రెక్కలు. ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. మామూలు రోజుల్లో అవి ఒడ్డున తవ్విన గుంటల్లో విశ్రాంతిగా ఉంటాయి. తుఫాను హెచ్చరిక రాగానే గుంటల్లోకి నీరు వదులుతారు. రెక్కలు బోలుగా ఉంటాయి కనుక తేలి, దారి మధ్యలోకి తిరుగుతాయి. వాటి కడుపులోకి నీరు ఎక్కించగానే బరువెక్కి, 17 మీటర్ల లోతున పరిచిన కాంక్రీటు గడప మీద కూర్చుంటాయి. సముద్రం నెట్టే బలమంతా ఉక్కు చేతుల గుండా ఒడ్డున ఉన్న ఒక్కొక్క బంతి కీలు మీదికి చేరుతుంది. ఆ కీలు వ్యాసం 10 మీటర్లు, బరువు 680 టన్నులు. రెక్క పక్కకు తిరగాలి, పైకి కిందికి కదలాలి, అలల తాకిడికి కాస్త ఊగనూ గలగాలి. మన భుజానికి ఉన్న ఏర్పాటు అదే. మూయాలా వద్దా అన్న నిర్ణయాన్ని కంప్యూటరుకు అప్పగించారు, ఎందుకంటే మూస్తే రేవు ఆగిపోతుంది, మూయకపోతే ఊళ్లు మునుగుతాయి. ఆ రెండు ఒత్తిళ్ల మధ్య అర్ధరాత్రి ఒక మనిషిని నిలబెట్టడం మంచిది కాదనుకున్నారు. రోటర్‌డామ్ దగ్గర నీటిమట్టం 3 మీటర్లు దాటుతుందని అంచనా వస్తే మూసుకోవాలన్నది నియమం. 2007 నవంబరులో ఆ గీతను కొంత దించి ఒకసారి మూశారు. అసలు గీత దాటుతుందని తలుపు తనంతట తాను మూసుకున్నది మొదటిసారి 2023 డిసెంబరు 21న.

సముద్రమట్టం 50 సెంటీమీటర్లు పెరుగుతుందన్న అంచనాతో ఆ తలుపును రూపొందించారు. అంతకు మించితే ఏటా ఎన్నిసార్లు మూయవలసి వస్తుంది? అందుకే లాకుల ప్రశ్న మళ్లీ ఇంజనీర్ల బల్లల మీదికి వచ్చింది. కొత్త జలమార్గాన్ని శాశ్వతంగా మూసి, ఓడల కోసం లాకులు పెడితే ఎలా ఉంటుందని లెక్కలు వేస్తున్నారు. కాలాండ్ కాలంలో దీన్ని ఊహించడానికే వీల్లేదు, రేవంతా ఊళ్లోనే ఉండేది. ఇప్పుడు రేవు సముద్రంలోకి నడిచి వెళ్లింది. 1960ల నుంచి ఇసుక పోసి మాస్‌ఫ్లాక్టె అనే భూమిని సముద్రంలో పుట్టించారు, 2013లో దాని రెండో భాగం తెరిచారు. భారీ ఓడలు అక్కడే ఆగిపోతాయి. అయినా 2018, 2019ల్లో లోపలి రేవుల కోసం కొత్త జలమార్గాన్ని మళ్లీ లోతు చేసి 16 మీటర్లు దాటించారు, కాబట్టి లోపలి ఓడలు తగ్గాయని ఎవరూ అనడం లేదు.

లాకులు పెడితే ఉప్పు తగ్గుతుంది, ఉప్పెన ఆగుతుంది. నది మాత్రం ఆగదు. రైన్‌కు వరద వస్తే లోబిత్ దగ్గర సెకనుకు 16,000 ఘనమీటర్ల దాకా రావచ్చన్న లెక్కతో నెదర్లాండ్స్ తన గట్లు కట్టుకుంది. ఈ మొగ మూస్తే ఆ నీటిలో దీని వంతు హారింగ్‌వ్లీట్ తలుపుల గుండా పోవాలి. సముద్రమే ఎత్తుగా ఉన్న రోజున ఆ తలుపులు తెరవలేరు. పంపులతో ఎత్తిపోయాలంటే అంత పెద్ద పంపులు ఇంతవరకు ఏ దేశమూ కట్టలేదు.